పరిచయాల వేటలో ఓ ఓడ సర్వేయరు

ముందే ఒప్పేసుకుంటే మీకూ నాకూ మంచిది. నేను ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పను. మా వీధి మలుపులో ఉన్న గుంత నా నోట్లో పడిందంటే లారీని మింగేస్తుంది. మా ఆవిడ కాస్త గొంతు పెంచితే హార్బరులో ఓడలు లంగరెత్తుకుని పారిపోతాయి. విచిత్రం ఏమిటంటే, నాకు తిండి పెట్టే పనిలో మాత్రం సెంటీమీటరు కూడా పెంచి చెప్పడానికి వీల్లేదు. పగలంతా అలా బిగబట్టుకున్న నోరు ఇంటికొచ్చాక ఊరుకోదు. కాబట్టి ఉద్యోగాల వేటలో ఉన్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ కథలో మీకు ఏనుగు కనిపిస్తే పిల్లి అనుకోండి. పిల్లి కనిపిస్తే అసలక్కడ ఏదీ లేదనుకోండి.

నేను చేసే పనిని డ్రాఫ్ట్ సర్వే అంటారు. పోర్టుకి బొగ్గు ఓడ వస్తుంది. అందులో ఎంత సరుకుందో తూచే కాటా భూమ్మీద ఎవడూ తయారుచేయలేదు. కాబట్టి ఓడ నీళ్ళలో ఎంత లోతు మునిగిందో దాని ఒంటి మీద రాసిన అంకెల దగ్గర చూస్తారు. సరుకంతా దించాక మళ్ళీ చూస్తారు. ఎంత తేలిందన్నదాన్ని బట్టి ఎంత సరుకు దిగిందో లెక్క కడతారు. వేలెడు తేడా వచ్చిందంటే లారీల వరసంత బొగ్గు గాల్లో కలిసిపోయినట్టే. అందుకే సరుకు కొన్నవాళ్ళ తరఫున ఒక సర్వేయరు, ఓడవాళ్ళ తరఫున ఇంకొక సర్వేయరు, ఇద్దరూ ఒకే పడవలో ఓడ చుట్టూ తిరిగి చూడాలి. అలలున్న రోజున నీళ్ళు ఆ అంకెల మీద కిందికీ పైకీ కుప్పిగంతులు వేస్తుంటాయి. ఆ గంతుల మధ్య ఏ అంకె నిజమో ఇద్దరూ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే, ఓడెక్కి చీఫ్ ఆఫీసరు గదిలో టీ తాగుతూ తేడాని చెరిసగం చేసుకోవడం మా వృత్తిలో ఆనవాయితీ. నీదో సగం, నాదో సగం, ఒక సంతకం, ఒక బిస్కెట్టు.

నేను చెరిసగానికి ఒప్పుకునేవాణ్ణి కాను. బిస్కెట్టు తిని, మళ్ళీ పడవలోకి దిగుదామనేవాణ్ణి.

ఓడవాళ్ళ తరఫున ఎప్పుడూ ఒకే మనిషి వచ్చేవాడు. మాకు చుట్టరికమేమీ లేదు గానీ, మా వైపు మగవాళ్ళు ఒకరినొకరు తిట్టుకోవడానికి కూడా ముందు బావా అనాలి. ఆ పడవలో మా ఇద్దరి సంభాషణ ఇన్నేళ్ళూ ఒకే తీరుగా సాగింది.

"బావా, నీళ్ళు గీత దాటినాయి. ఆ కళ్ళద్దాలు తుడుసుకుని సూడు."

"నా కళ్ళద్దాలు బాగానే ఉన్నాయి. నీ మనసు తుడుసుకో."

"ఎండ మాడిపోతంది బావా. సెరిసగం సేసీ. పైన టీ సల్లారిపోతంది."

"సల్లారనీ. ఇంకో అల సూద్దాం."

"ఇంకో అలా? పొద్దున్నించి బంగాళాఖాతంలో ఉన్నయన్నీ సూసేసినాం కదరా నాయనా!"

పడవ నడిపే జాలరాయన మా వైపు జాలిగా చూసి అనేవాడు, "మీ ఇద్దరికీ ముడెట్టినోడెవుడో గానీ, ఆడికి నా దండం."

ఇలా సాగుతుండగా ఒక ఉదయం ఎక్కడో దూరంగా ఉన్న మా హెడ్డాఫీసు, విశాఖపట్నం శాఖ అవసరం లేదని కనిపెట్టింది. ఈమెయిలు వచ్చింది. మధ్యాహ్నానికి బోర్డు పీకేశారు. ఆ బోర్డు పీకడానికి వచ్చినవాడే, "సార్, ఈ మేకులు మీకేమైనా కావాలా?" అని అడిగాడు. ఇన్నేళ్ళ సర్వీసుకి కంపెనీ తరఫున నాకు ప్రేమగా ఇవ్వబోయింది ఆ మేకులే.

ఈ వయసులో ఉద్యోగం పోతే చుట్టాలకి మహా ఉత్సాహం వస్తుంది. మా బావమరిదికి తగరపువలసలో బాత్రూము సామాన్ల షాపుంది. వాడు ఆ వారమే మిఠాయి పొట్లంతో దిగాడు.

"బావా, దసరాకి రెండో షాపు తెరుత్తన్నాను. నువ్వే మేనేజరువి. ఏసీలో కూకుంటావు. కమోడ్లు వాటంతటవే అమ్ముడైపోతాయి."

"వాటంతటవే అమ్ముడైతే నేనెందుకురా?"

"పెద్దమనిషి కూకున్నాడంటే అందం బావా."

కమోడ్ల పక్కన అందంగా కూర్చోవడం ఎలాగో ఊహించుకుంటూ మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ తమ్ముడి పక్షమే. "తప్పేటండీ? అదీ నీళ్ళ పనే కదా," అంది.

అలా ఒప్పందం కుదిరింది. దసరాలోగా పోర్టులో నాకు మళ్ళీ పని దొరికితే సరే. దొరక్కపోతే మిగిలిన జీవితం తగరపువలసలో, తెల్లటి పింగాణీ మధ్య.

ఉద్యోగం పోయినవాడు చేయవలసిన మొదటి పని ఫోనులో ఉద్యోగాల ఆప్ పెట్టుకోవడమని అందరూ చెప్పారు. పెట్టుకున్నాను. దానికి నా ఉద్యోగం పోయిన సంగతి తెలియదు. పాత కంపెనీలో నేను ఇంకో ఏడాది పూర్తి చేశానని ఊరంతా టముకు వేసింది. వెంటనే అభినందనలు మొదలయ్యాయి. ఎప్పుడో నాతో ఒక్క ఓడ మీద పనిచేసినవాళ్ళు, అసలు ఓడ అనేదాన్నే చూడనివాళ్ళు, అందరూ చప్పట్లు కొడుతున్న బొమ్మలు పంపారు. 'అయ్యా, ఆ కంపెనీ మూతపడింది, నాకు పని కావాలి' అని ప్రతి ఒక్కరికీ జవాబు రాశాను. దానికీ చప్పట్లే వచ్చాయి.

ఆ ఆప్ లోనే ఒక ప్రకటన కనిపించింది. మధురవాడలో, పరిచయాలతో ఉద్యోగం సంపాదించే విద్య నేర్పుతారట. వెళ్ళాను. బిర్యానీ హోటలు పై అంతస్తులో హాలు. కింద నుంచి మసాలా వాసన పైకి తన్నుతోంది. పాఠం చెప్పే కుర్రాడికి చెవి నుంచి నోటి దాకా మైకు వేలాడుతోంది. వయసు మహా అయితే నా బెల్టుకున్నంత ఉంటుంది. జీవితంలో ఒక్క ఉద్యోగమూ పోగొట్టుకున్నట్టు లేడు, ఎందుకంటే ఒక్కటీ చేసినట్టు లేడు.

"సర్, మీరు లిఫ్టులో ఉన్నారు. ఒక పెద్ద కంపెనీ బాస్ ఎక్కారు. పై ఫ్లోర్ వచ్చేలోపు మీరేంటో ఆయనకి చెప్పెయ్యాలి. స్టార్ట్!" అని నా ముఖమ్మీద చిటిక వేశాడు.

"అయ్యా, నాది డ్రాఫ్ట్ సర్వే. అదేమిటో తెలియాలంటే ముందు ఓడ నీళ్ళలో..."

"సారీ సర్, డోర్ తెరుచుకుంది. ఆయన దిగిపోయారు."

తర్వాత అందరం లేచి పక్కవాళ్ళతో చేతులు కలిపి కార్డులు మార్చుకోవాలన్నాడు. మార్చుకున్నాం. నాకు వచ్చిన కార్డులన్నీ నాలాగే ఉద్యోగాలు పోయినవాళ్ళవి. ఆకలితో ఉన్నవాళ్ళంతా ఒకరి ఖాళీ విస్తట్లోకి ఒకరు తొంగి చూసుకున్నట్టుంది వ్యవహారం. ఆ హాలు మొత్తం మీద పనీపాటా ఉన్నవాడు ఆ మైకు కుర్రాడొక్కడే. వాడికి కార్డివ్వాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

అయినా లిఫ్టు సంగతి బుర్రలో ఉండిపోయింది. సరుకులు దించే ఒక పెద్ద కంపెనీ ఆఫీసు నగరంలోనే ఉంది. దాని పెద్దాయన రోజూ పదింటి వేళకి వస్తాడని కనుక్కున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పనివాణ్ణని చూడగానే తెలియాలని నా సర్వే సంచి భుజాన తగిలించుకుని, పెద్ద టార్చి చేత్తో పట్టుకుని లిఫ్టెక్కాను. కిందికీ పైకీ అలా ఎన్నిసార్లు తిరిగానంటే, ఆ ఎత్తులన్నీ కలిపితే హిమాలయం దాటి అవతల దిగేవాణ్ణి. చివరికి ఆయన ఎక్కాడు. తలుపులు మూసుకున్నాయి. నేను గొంతు సవరించుకున్నాను.

"నమస్కారం సర్. నేను..."

"ఆఁ, వచ్చావా? ఎన్నిసార్లు ఫోన్ చేయించాలయ్యా?" అన్నాడాయన. "మూడో ఫ్లోర్ దగ్గర కిర్రుమంటోంది. వినిపిస్తోందా?"

వినిపించింది. నిజంగానే కిర్రుమంది.

"సర్, నేను అలల్లో కూడా ఖచ్చితంగా..."

"అలలేమిటి? ఆయిల్ వెయ్యి."

తలుపు తెరుచుకుంది. ఆయన దిగి నడుస్తూ ఫోనులో ఎవరితోనో అంటున్నాడు: "లిఫ్టు మెకానిక్ వచ్చాడు. పొద్దున్నే తాగొచ్చినట్టున్నాడు, అలలంటున్నాడు. ఒక కన్నేసి ఉంచండి."

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ పమిట నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పారిపోయింది. ఆ నవ్వు తగరపువలస దాకా వినిపించి ఉంటుంది, ఎందుకంటే బావమరిది వెంటనే ఫోన్ చేసి కౌంటరు టేబులుకి ఏ రంగు వేయించమంటావని అడిగాడు.

తర్వాతి దండయాత్ర బీచ్ రోడ్డు మీద. తెల్లవారుజామున అక్కడ బళ్ళు ఆపేస్తారు, నగరంలో షుగరున్న పెద్దమనుషులందరూ రోడ్డు మీదే ఉంటారు. ఒక నడక బృందానికి నాయకుడు ఏదో పెద్ద పదవిలో రిటైరైన ఆయన. ఏ పదవో చెప్పలేను, ఎందుకంటే చెప్పిన ప్రతిసారీ అది ఒక మెట్టు పెరిగేది. ఆ విషయంలో మాత్రం ఆయన నాకు గురుతుల్యుడు. ఆయన మధ్యలో నడుస్తుంటే మిగతావాళ్ళు, పెద్ద ఓడని టగ్గు పడవలు నెట్టుకొచ్చినట్టు, చుట్టూ చేరి నడిచేవారు. కొత్తగా చేరినవాడు వెనక చివర ఉండాలి. ఆయన జోకులు అక్కడికి వినిపించవు. ముందువాళ్ళ భుజాలు ఊగడం చూసి మనమూ నవ్వాలి. అలా గాలికి నవ్వుతూ, అంగుళం అంగుళం ముందుకు జరుగుతూ, చివరికి ఒకరోజు ఆయన కుడి భుజం పక్కకి చేరాను. జావ బండి దగ్గర చల్లగా విషయం చెప్పాను.

"ఓస్, అంతేనా! బయోడేటా వాట్సాప్ చెయ్యి," అన్నాడాయన. "పోర్టు చైర్మన్ మనవాడే."

పంపాను. మర్నాడు పొద్దున్నే జవాబొచ్చింది. ఒక గులాబీ, దాని కింద 'శుభోదయం'. ఆ మర్నాడు తామరపువ్వు. ఆ పైన సూర్యోదయం, జంట చిలకలు, పొగలు కక్కుతున్న కాఫీ కప్పు. నా బయోడేటా చూసి అంత పరవశించిన మనిషి ఇంకొకడు పుట్టడు. వారాలు గడిచాక ఆయన నన్ను పక్కకి పిలిచి, భుజం మీద చెయ్యేసి, గొంతు తగ్గించాడు. నేను చెవి దగ్గరగా పెట్టాను.

"పోర్టులో నీకు బాగా పరిచయాలున్నట్టున్నాయి కదూ? మా అల్లుడు ఖాళీగా ఉన్నాడోయ్. ఎవరికైనా ఒక మాట చెప్పకూడదూ?"

నేను ఆయన్ని నిచ్చెన అనుకుంటే, ఆయన నన్ను నిచ్చెన అనుకుంటున్నాడు. ఇన్నాళ్ళూ రెండు నిచ్చెనలు గోడే లేకుండా ఒకదానికొకటి ఆనుకుని బీచ్ రోడ్డు మీద నడుస్తున్నాయన్నమాట. బయోడేటా పంపమన్నాను. ఆ సాయంత్రమే పంపాడు. నేను గులాబీ పంపాను.

దసరా దగ్గర పడింది. కొత్త షాపుకి అద్దాలు బిగిస్తున్నారని కబురొచ్చింది. ఎటూ తోచక ఒక మధ్యాహ్నం పోర్టు గేటు ఎదురుగా ఉన్న టీ బడ్డీకి వెళ్ళాను. లోపలికి వెళ్ళడానికి పాసు లేదు. ఇవతల నిలబడి క్రేన్ల తలకాయలు చూస్తూ టీ తాగడానికి ఏ పాసూ అక్కర్లేదు. అప్పుడే గేటు లోంచి హెల్మెట్టు చంకలో పెట్టుకుని మా వాడొచ్చాడు, ఓడవాళ్ళ తరఫు సర్వేయరు.

"ఏటి బావా, ఇంకా బతికే ఉన్నావేటి?"

"నువ్వుండగా నానెలా సత్తాను? లోపల ఎలాగుంది?"

"స్వర్గం బావా, స్వర్గం! నీ బదులు ఎవుడో కుర్రోణ్ణి పంపుతున్నారు. నానేటి సెప్తే అదే రాసుకుంటన్నాడు. పడవలోకే దిగడు. అలలు సూత్తే కళ్ళు తిరుగుతాయట. టీ ఏడేడిగా తాగుతన్నాను."

"నీ పంట పండింది."

"మరేటి! నువ్వేటి సేత్తన్నావు?"

చెప్పొచ్చు. బావా, ఎక్కడైనా పనుంటే చూడు అనొచ్చు. లిఫ్టులో ముక్కూముఖం తెలియనివాడికి చెప్పబోయాను, గులాబీల పెద్దాయనకి చెప్పాను, బిర్యానీ వాసనలో హాలెడు మందికి చెప్పాను. వీడి దగ్గర మాత్రం నోరు పెగల్లేదు. ఇన్నేళ్ళు పడవలో ఒక్క సెంటీమీటరు దగ్గర తల వంచనివాణ్ణి, టీ బడ్డీ దగ్గర ఎలా వంచుతాను?

"బిజినెస్సులోకి దిగుతున్నాను," అన్నాను.

"ఏం బిజినెస్సు?"

"నీళ్ళకి సంబంధించిందే."

వాడు నన్ను కాసేపు చూశాడు, అలల మధ్య అంకె వెతుకుతున్నప్పుడు చూసినట్టు. ఇద్దరి టీలకీ వాడే డబ్బులిచ్చి, హెల్మెట్టు పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత రెండు మూడు రోజులకే ఫోనొచ్చింది. బొగ్గు దిగుమతి చేసుకునే ఒక కంపెనీ. అక్కడ ఓడల వ్యవహారమంతా ఒక మేడం చూస్తుంది. నేను ఆవిణ్ణి ఎప్పుడూ కలవలేదు, కార్డివ్వలేదు, ఆవిడ పక్కన నడిచి గాలికి నవ్వలేదు. సంచి ఇంట్లో వదిలేసి, లిఫ్టు మానేసి, మెట్లెక్కి వెళ్ళాను.

ఆవిడ నా బయోడేటా తెరవనైనా లేదు.

"ఈ మధ్య ప్రతి ఓడకీ మా సరుకు తక్కువొస్తోంది. మా తరఫున వెళ్ళే అబ్బాయి పడవలోకి దిగడంలేదని తెలిసింది," అంది. "ఎవరిని పెట్టుకోమంటారని ఎదుటి పక్షం సర్వేయరునే అడిగాను. మీ పేరు చెప్పగానే ఆయన ఏమన్నారో తెలుసా?"

"మంచి మాటైతే అని ఉండడు లెండి."

"'అమ్మా, ఆడు మనిషి కాడు, గుదిబండ. ఆడితో పడవెక్కితే పొద్దు కుంకినా ఒడ్డుకి రానివ్వడు. ఆడి మూలంగా నాకు బీపీ వచ్చింది, మా ఆవిడికి నా మీద అనుమానమొచ్చింది. తుపానొచ్చి హార్బరంతా ఖాళీ సేత్తన్నా ఇంకో అల సూద్దామంటాడు. పగోడికైనా ఆణ్ణి ఎట్టుకోమని సెప్పను' అన్నారు."

"మరి నన్నెందుకు పిలిచారండీ?"

"అవతలి వాళ్ళకి అంత నరకం చూపించే మనిషి మా వైపు ఉంటే మాకు సుఖమే కదా! రేపు ఓడుంది. వస్తారా?"

వెళ్ళాను. ఓడ మెట్ల దగ్గర వాడు నిలబడి ఉన్నాడు.

"వచ్చీసినావేటి బావా, నా టీలో మట్టి కొట్టడానికి?"

"నువ్వేదో స్వర్గంలో ఉన్నావంటే సూసి పోదామని."

"ఎక్కు, ఎక్కు. బేగి ముగిద్దాం. అల్పపీడనం ఉందట."

బేగి ముగియలేదు. ఓడ వెనక భాగంలో వేలెడు తేడా వచ్చింది. పడవ అటూ ఇటూ ఊగుతుంటే ఇద్దరం ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని, ఒకరి ముఖమ్మీద ఒకరం అరుచుకున్నాం. ఎండ మా నెత్తిన గుడ్డు వేస్తే ఆమ్లెట్టయ్యేలా ఉంది. పడవ జాలరాయన కూడా సంతోషంగానే కనిపించాడు, దండం మాత్రం పెట్టాడు.

దసరాకి తగరపువలస షాపు తెరిచారు. మేనేజరు కుర్చీలో మా ఆవిడ కూర్చుంది. కమోడ్లు వాటంతటవే అమ్ముడవడం లేదు, ఆవిడ అమ్ముతోంది. బేరమాడబోయినవాళ్ళు ఆవిడ చూపుకి జడిసి పక్కన కుళాయిలు కూడా కొనుక్కుని పోతున్నారట. పెద్దమనిషి కూర్చుంటే అందమన్న మా బావమరిది ఇప్పుడు అక్కగారి అనుమతి లేకుండా తన షాపులో తనే ఫ్యాను వెయ్యలేకపోతున్నాడు.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, పరిచయాలు పెంచుకోవద్దని నేననను. పెద్దవాళ్ళ భుజం పక్కన నడవాలనిపిస్తే నడవండి, కాళ్ళకి మంచిది. కానీ మీ పనేమిటో తెలిసినవాడు ఆ గుంపులో ఉండడు. మీతో రోజూ పేచీ పడి, మీ లెక్కలో తప్పు పట్టుకోవాలని చూసి, దొరక్క ఏడ్చినవాడెవడో ఉంటాడు. మిమ్మల్ని కొలిచినవాడు వాడొక్కడే. వాణ్ణి పోగొట్టుకోకండి. నాకైతే వాడి దగ్గర నోరు తెరవడం చేతకాలేదు. మీకు చేతనైతే తెరవండి.

ఇక ఇందులో ఏది కల్పితమో చెప్పాలి. లిఫ్టు నిజం. గులాబీ నిజం. కమోడ్లు నూటికి నూరుపాళ్ళూ నిజం, కావాలంటే తగరపువలస వెళ్ళి చూసుకోండి, కానీ బేరమాడకండి. నేను కల్పించింది ఒక్కటే, ఆ మేడం నోట చెప్పించిన తిట్లు. గుదిబండా, బీపీ, పగోడూ, అదంతా నా సొంత సరుకు. వాడు ఆవిడతో అవేవీ అనలేదు. అన్నదల్లా ఇది:

"ఆయనొస్తే నాకు సాకిరీ పెరుగుద్ది మేడం. అయినా ఆయన్నే ఎట్టుకోండి. ఆయన సరే అన్న అంకె నాను రెండోసారి సూసుకోను."

ఇన్నేళ్ళూ నన్ను ముఖమ్మీద ఒక్కసారైనా 'మీరు' అననివాడు, నేను లేని గదిలో నన్ను 'ఆయన' అన్నాడట. ఈ మాటలు పెంచి రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. ఎక్కడా పెంచడానికి చోటు దొరకలేదు. అందుకే వాటిని తీసేసి తిట్లు పెట్టుకున్నాను. తిట్లకైతే నా దగ్గర జవాబుంది.